కాకినాడ రేవులో ఉద్యోగానికి వెళ్తున్న మేనకోడలికి

బిడ్డా,

మిర్యాలగూడ నుంచి మామయ్య ఆశీస్సులు. నువ్వు కస్టమ్స్‌లో చేరుతున్నావని అమ్మ ఫోనులో చెప్పింది. మన మిల్లుల బియ్యం ఓడెక్కే రేవు అది. మిల్లర్ల తరఫునా, ప్రభుత్వం తరఫునా వాదించిన వకీలుగా చెబుతున్నాను. ధాన్యం ఎగుమతి కేసుల్లో నిబంధన ఏమిటన్నదానికంటే, అది ఏ గంటకు అమల్లోకి వచ్చింది, ఆ గంటకు సరుకు ఎక్కడుంది అన్నదానిమీదే పోట్లాట ఎక్కువ.

2023 జూలై 20న బాస్మతీయేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించారు. అప్పటికే ఓడలోకి ఎక్కించడం మొదలైన సరుకుకు, కస్టమ్స్‌కు అప్పగించి నమోదైన సరుకుకు మినహాయింపు ఇచ్చారు. ఎక్కించడం ముందే మొదలైందని ఎగుమతిదారు అంటాడు, కాదని అధికారి అంటాడు. ఏడాది తర్వాత హమాలీలను అడిగితే ఎవరికి గుర్తుంటుంది? ఓడ లాగ్‌బుక్కు, రేవు రిజిస్టరు, లారీల కాటా చీటీల నకళ్లు అదే రోజు తీసుకో.

ఛత్తా రైస్ మిల్స్ కేసు తీర్పు తప్పకుండా చదువు. 2019 ఫిబ్రవరి 16న పాకిస్తాన్ సరుకుపై సుంకం 200 శాతానికి పెంచిన నోటిఫికేషన్ రాత్రి 8 గంటల 46 నిమిషాలకు ఈ-గెజిట్‌లో వచ్చింది. అదే రోజు అంతకుముందే పత్రాలు దాఖలు చేసినవారికి అది వర్తించదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అది దిగుమతి కేసే. అయినా నోటిఫికేషన్ తేదీ ఒక్కటే చూసి సరుకు ఆపే అధికారికి అంతకన్నా మంచి పాఠం లేదు.

గోధుమలకూ ఇదే తంటా. 2022 మే 13 నిషేధంలో, అప్పటికే ఎల్‌సీ, అంటే కొనేవాడి తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం, తెరిచినవారిని వదిలారు. వెంటనే పాత తేదీలు వేసిన ఎల్‌సీలు పుట్టుకొచ్చాయి. కాగితం మీది తేదీ నమ్మకు, బ్యాంకుల మధ్య సందేశం ఎప్పుడు వెళ్లిందో అడుగు.

ఇక సరుకు పేరు. తెల్ల బియ్యం ఆగిపోయి ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం మాత్రమే ఉన్న రోజుల్లో, పచ్చి బియ్యాన్ని ఉప్పుడు బియ్యంగా రాయాలన్న ఆశ సహజం. మిల్లుల మధ్య పెరిగినదానివి, గింజ పట్టుకుంటే నీకు తెలిసిపోతుంది. న్యాయమూర్తికి నీ కన్ను సాక్ష్యం కాదు. ఎగుమతిదారు తరఫున వచ్చే కస్టమ్స్ బ్రోకరు ఎదుటే పలు సంచుల నుంచి నమూనా తీసి, సీలు వేసి, సంతకం చేయించు. ఒకటి నీ దగ్గర ఉంచుకో.

స్వాధీనం చేసుకుంటే, ఎందుకు అనుమానించావో పంచనామాలో నీ మాటల్లో రాయి. ఆరు నెలల్లో షోకాజ్ నోటీసు వెళ్లకపోతే, పైఅధికారి గడువు పెంచితే తప్ప, సరుకు తిరిగి ఇవ్వాల్సిందే. గోదాములో బియ్యం అన్నాళ్లు ఊరికే ఉండదు, పురుగు పడుతుంది. ఆ సంచుల మీద మిల్లరు అప్పు ఉంటుంది, ఆ వెనుక సాగర్ ఎడమ కాల్వ కింద వడ్లు అమ్మి డబ్బుకు చూసే రైతు ఉంటాడు. బాండు, పూచీకత్తు తీసుకుని తాత్కాలికంగా విడుదల చేసే వీలు కస్టమ్స్ చట్టం 110ఏ సెక్షన్‌లో ఉంది. దరఖాస్తు వస్తే బల్లమీద నాననివ్వకు, కాదనాల్సి వస్తే కారణం రాసి కాదను.

మామయ్య