సొరోరిటీలో చేరాలనుకుంటున్న మా బుజ్జికి

బుజ్జీ,

నిన్న ఫోన్లో "పిన్నీ, అక్కడందరూ పద్దెనిమిదేళ్ల పిల్లలే, మధ్యలో నేనేంటి అనుకుంటారేమో" అన్నావు చూడు, ఆ మాట రాత్రంతా నా మనసులో తిరుగుతూనే ఉంది. నేనూ కమ్యూనిటీ కాలేజీలో చదువుకుని, ఇరవై మూడేళ్లకు యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయి, జూనియర్‌గా, అంటే మూడో ఏడాదిలో, సొరోరిటీ అనే ఈ కాలేజీ అమ్మాయిల సంఘంలో చేరినదాన్నే కదా. అందుకే నాకు తెలిసింది రాస్తున్నా.

సొరోరిటీ వాళ్లకి నీ వయసుతో పెద్దగా పేచీ ఉండదు. వాళ్లు చూసేది నీకింకా ఎన్ని సెమిస్టర్లు మిగిలాయని. ఫ్రెష్‌మన్‌ని, అంటే మొదటి ఏడాది పిల్లని, తీసుకుంటే నాలుగేళ్లు డ్యూస్ (సభ్యత్వ రుసుము) కడుతుంది, పనులు నేర్చుకుని చాప్టర్‌ని, అంటే ఆ క్యాంపస్‌లోని వాళ్ల శాఖని, నడుపుతుంది, నువ్వైతే రెండేళ్లే. కాబట్టి వాళ్లు లెక్కేసుకునే లోపే నువ్వే చెప్పెయ్: "నాకింకా నాలుగు సెమిస్టర్లున్నాయి, స్టోర్‌లో రెండేళ్లు షిఫ్టులు చూసుకున్నాను, డబ్బు లెక్కలు వచ్చు, చేరిన మొదటి సెమిస్టర్ నుంచే పని అందుకుంటాను" అని.

నేను మొదటిసారి ఈ మాట చెప్పలేకపోయాను. సభ్యుల్ని ఎంచుకునే రౌండ్లలో మొదటిదైన ఓపెన్ హౌస్ రోజు ఆగస్టు ఎండలో సొరోరిటీ ఇంటి గుమ్మం ముందు వరసలో నిలబడ్డాం, లోపల్నుంచి పాటలు, చప్పట్లు. తలుపు తీశాక ఒకమ్మాయి నన్ను సోఫా దగ్గరికి తీసుకెళ్లి ఏ డార్మ్‌లో ఉంటున్నావని అడిగింది. "డార్మ్ కాదు, సారీ, నేను కొంచెం పెద్దదాన్ని" అన్నాను. పాపం ఆ పిల్లకి తర్వాత ఏం మాట్లాడాలో తోచక చేతిలో నీళ్ల గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. మూడో రోజుకి నా లిస్టులో నన్ను మళ్లీ పిలిచిన సొరోరిటీ ఒక్కటీ మిగల్లేదు. వయసు చెప్పేటప్పుడు సారీ అనకు తల్లీ, ఎప్పుడూ అనకు.

ఆ తర్వాత స్ప్రింగ్‌లో దారి దొరికింది. చాప్టర్‌లో సభ్యులు క్యాంపస్ పెట్టిన సంఖ్య కన్నా తక్కువుంటే ఏడాది మధ్యలో కూడా బిడ్, అంటే చేరమనే ఆహ్వానం, ఇవ్వొచ్చు, కంటిన్యువస్ ఓపెన్ బిడ్డింగ్ అంటారు, వాళ్ల నోట సీఓబీ. కెమిస్ట్రీ ల్యాబ్‌లో నా పక్కన పనిచేసే అమ్మాయి సొరోరిటీలో ఉందని నాకు నెల తర్వాత గానీ తెలియలేదు. వాళ్లు విరాళాల కోసం పెట్టిన పాన్‌కేక్ బ్రేక్‌ఫస్ట్‌కి పిలిస్తే వెళ్లి, మనుషులు చాలక అవస్థ పడుతుంటే మూడు గంటలు పెనం ముందు నిలబడ్డాను. పిండి కలుపుతూ ఆ పిల్లలతో మాట్లాడినంత హాయిగా ఆగస్టులో ఎవరితోనూ మాట్లాడలేదు. రెండు వారాలకి బిడ్ వచ్చింది. అందుకే చెప్తున్నా, క్లాసులో, ల్యాబ్‌లో, వాళ్ల విరాళాల కార్యక్రమాల్లో ముందే నలుగురికి తెలిసి ఉండు.

క్యాంపస్‌లో సొరోరిటీల వ్యవహారాలు చూసే పాన్‌హెలెనిక్ ఆఫీసుని జూనియర్లకి విడిగా కోటా ఉందా అని అడుగు, కొన్ని క్యాంపస్‌లలో ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ వాళ్లకి ఏ జీపీఏ చూస్తారో, పాత కాలేజీదా కొత్తదా, అది కూడా కనుక్కో. కొన్ని చాప్టర్లు సొరోరిటీ ఇంట్లోనే ఉండాలంటాయి, నీకేమో అపార్ట్‌మెంట్ లీజుంది, కాబట్టి సంతకాల దాకా రాకముందే తేల్చుకో. మొదటి సెమిస్టర్ ఖర్చు ఎక్కువుంటుంది, మొత్తం ఎంతో కాగితం మీద చూపించమను.

చివరిదైన ప్రిఫరెన్స్ రౌండ్ అయ్యాక సంతకం పెట్టే ఒప్పందాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకు. నిజంగా చేరదామనుకున్న సొరోరిటీల పేర్లే రాయి. అందులో ఒకళ్లు బిడ్ ఇచ్చాక వద్దంటే, మళ్లీ ఏడాది రిక్రూట్‌మెంట్ దాకా అదే క్యాంపస్‌లో వేరే పాన్‌హెలెనిక్ సొరోరిటీలో చేరడానికి లేదు. రెండేళ్లే ఉన్న నీకు అది సగం కాలం.

మన దక్షిణాసియా అమ్మాయిలు పెట్టుకున్నవీ చూడు. కప్పా ఫై గామా ఆస్టిన్‌లో, డెల్టా ఫై ఒమేగా హ్యూస్టన్‌లో, రెండూ 1998లో మొదలయ్యాయి. వాటి పద్ధతి వేరు, ఇన్ని రౌండ్లుండవు, మనుషుల్ని దగ్గరగా తెలుసుకుని తీసుకుంటారు.

ఎక్కడ చేరినా, తాగమన్నా, నిద్ర మానమన్నా, అవమానించినా ఆ క్షణమే బయటికొచ్చి నాకు ఫోన్ చెయ్. ఇలా వేధించడాన్ని హేజింగ్ అంటారు, అది టెక్సస్‌లో నేరం.

చాలాచోట్ల పేరు నమోదు వేసవిలోనే అయిపోతుంది. ఈ వారంలోనే ఆఫీసుకి మెయిల్ రాయి, పంపే ముందు నాకు చూపించు, నేను రాత్రి పదకొండు దాకా మేలుకునే ఉంటా.

మీ పిన్ని