అటక మీది తాటాకు కట్ట: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అత్తగారి పెంకుటింటి అటక మీద ఎర్రగుడ్డలో చుట్టిన తాటాకు పుస్తకాలు మూడు కట్టలు దొరికాయండి. కొన్ని ఆకులు అతుక్కుపోయాయి, కొన్నిటి మీద అక్షరాలే లేవు. నూనె రాయమని ఒకరు, పుష్కరాలకి గోదావరిలో కలిపెయ్యమని మా బావగారు. ఏం చెయ్యమంటారు? (అమలాపురం)

జవాబు: గోదావరిలో మాత్రం కలపకండి. అక్షరాలు లేవనుకుంటున్న ఆకుల మీద బహుశా ఉన్నాయి. మనవైపు తాటాకు మీద గంటంతో గీసి రాశారు. ఆ గాట్లలో మసి పూస్తేనే నల్లగా కనబడతాయి. మసి పూయకుండా వదిలేసినవీ, పూసింది రాలిపోయినవీ చాలానే ఉంటాయి. గదిలో లైట్లు ఆర్పి, టార్చిని ఆకు పక్కనే పెట్టి, వెలుతురు ఏటవాలుగా పడేలా వెయ్యండి. ప్రతి గాటుకీ నీడ లేచి, వట్టి ఆకు మీద వరసకి వరస అక్షరాలు తేలతాయి. ఈ పని రుచి మరిగినవాళ్లు మళ్లీ మళ్లీ అటకలెక్కేది ఇందుకే. ఆ వెలుతురులోనే ఫోనుతో ప్రతి ఆకునీ రెండువైపులా ఫొటో తీసుకోండి. శుభ్రం చెయ్యడం ఆ తర్వాతే.

కట్ట విప్పేటప్పుడు ఆకుల్లోంచి తాడు లాగొద్దు. బిగిసిన తాడు చిల్లు అంచుని కోస్తుంది, అక్కణ్ణుంచి ఆకు పొడవునా చీలిపోతుంది. తాడుని ముడి దగ్గర కత్తిరించి, అడుగున రెండు చేతులూ ఆనించి ఒక్కో ఆకూ ఎత్తండి. వరస తప్పనివ్వకండి. ఆకు అంకె సాధారణంగా ఎడమ అంచున ౧, ౨, ౩ అని తెలుగులో ఉంటుంది. మెత్తటి బ్రష్‌తో పొడవునా ఒకే దిక్కుగా దుమ్ము దులపండి. అతుక్కున్న వాటి మధ్య చాకు పెడితే పైపొర అక్షరాలతో సహా పక్క ఆకుకి ఊడి వచ్చేస్తుంది. వాటిని అలాగే ఉంచి, తెలిసినవాళ్లకి చూపించండి. కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు మ్యూజియం, రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం మీకు దగ్గరే.

ఇక నూనె. కొబ్బరినూనె, నువ్వులనూనె వద్దే వద్దు. అవి ఆవిరి కావు, ఆకు మీదే జిడ్డుగా నిలిచి దుమ్ము పట్టి ముక్కిపోతాయి. సంరక్షకులు వాడేది సిట్రోనెల్లా నూనె, అంటే ఒక రకం వాసనగడ్డి నుంచి తీసేది. ఆకు మెత్తబడుతుంది, పురుగు దూరంగా ఉంటుంది. అదైనా దూదిని పిండితే చుక్క రాలనంత పలచగా అద్ది, నీడన ఆరనివ్వాలి. సిరాతో రాసినవాటికీ, రంగుబొమ్మలున్న ఆకులకీ అదీ కూడదు. పాత లేఖకులు గ్రంథం చివర రాసిపెట్టే శ్లోకం ఉంది: ‘తైలాద్రక్షేత్ జలాద్రక్షేత్ రక్షేచ్ఛిథిలబంధనాత్’. నూనె నుంచీ, నీటి నుంచీ, వదులుకట్టు నుంచీ కాపాడమని పుస్తకమే అడుగుతుందన్నమాట. కట్టు వదులైతే ఆకులు ఒకదాన్నొకటి రాసుకుని అరుగుతాయి, వంకర తిరుగుతాయి. ఆకు కదలనంత, చిల్లు కోసుకోనంత బిగువు చాలు. పైనా కిందా చెక్కలు తప్పనిసరి. దసరాల్లో సరస్వతీ పూజకి పసుపూ కుంకుమా ఆ పైచెక్కకే పెట్టండి, ఆకుల జోలికి వెళ్లకండి.

ప్రశ్న: మా పుస్తకం చివరి ఆకు మీద ‘శుభకృతు సంవత్సర శ్రావణ బహుళ’ అని, ఆపైన తిథి, వారం ఉన్నాయి. శకం అంకె లేదు. ఎన్నేళ్ల నాటిది? (పాలకొల్లు)

జవాబు: శుభకృత్తు మొన్న 2022లో వచ్చింది. అరవయ్యేసి తీసేసుకుంటూ వెళ్తే 1962, 1902, 1842, 1782. తేల్చేది వారమే. ఒకే తిథి వేర్వేరు ఏళ్లలో వేర్వేరు వారాల్లో పడుతుంది కాబట్టి, పంచాంగం లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌లో ఆ తిథికి ఏ ఏడాది ఏ వారమో చూస్తే చాలాసార్లు ఒక్కటే మిగులుతుంది. మాసం లెక్క ‘అమాంతం’ (అమావాస్యతో నెల ముగిసే మన లెక్క) అని పెట్టుకోవడం మరిచిపోకండి. పున్నమితో నెల ముగిసే ఉత్తరాదివాళ్ల పూర్ణిమాంతంలో మన శ్రావణ బహుళం భాద్రపదం కిందికి పోతుంది, లెక్క ఒక నెల తప్పుతుంది. శాలివాహన శకం అంకె దొరికితే మాత్రం 78 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఇంకో చిక్కుంది. కొందరు లేఖకులు మాతృకలో, అంటే తాము చూసి రాసుకున్న పాత ప్రతిలో, ఉన్న తేదీని కూడా యథాతథంగా ఎక్కించేస్తారు. తేదీ పక్కనే రాసినవాడి పేరూ ఊరూ ఉంటే నమ్మకం కొంత పెరుగుతుంది.

ప్రశ్న: పాత అచ్చు పుస్తకాలు ముట్టుకోవడానికి తెల్ల గ్లౌజులు కావాలా? (రాజమహేంద్రవరం)

జవాబు: అక్కర్లేదు. సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టుకున్న చేతులే మేలు. నూలు గ్లౌజుతో కాగితం పలచన తెలియదు, పెళుసు అంచు దారానికి తగిలి విరుగుతుంది. బూజు పట్టినవైతే నైట్రైల్ గ్లౌజులూ మాస్కూ వేసుకోండి. చిరిగినచోట సెలోటేపు అంటించకండి. టేపు ఊడిపోయినా దాని జిగురు కాగితంలోకి ఇంకి పసుపు మరకై నిలిచిపోతుంది. బీరువాని గోడకి జానెడు ఎడంగా పెట్టండి, మన తేమకి గోడవైపు పుస్తకాలే ముందు బూజు పడతాయి.

ప్రశ్న: తాళపత్రాలు కొంటామని ఒకాయన వచ్చాడు. అమ్మొచ్చా? (నరసాపురం)

జవాబు: తొందరపడకండి. సాహిత్య, చారిత్రక, శాస్త్రీయ విలువ ఉండి 75 ఏళ్లు నిండిన రాతప్రతి 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. ఆయన్ని ముందు లైసెన్సు చూపించమనండి.