కత్తిపీటకి ఫొటో ఏటని అడిగింది మా అమ్మ

మీ ఇంట్లో పాత ఇత్తడి చెంబు, సన్నికల్లు ఉన్నాయనీ, ఫోన్‌తో ఫొటో ఎలా తీసినా అమ్మకానికి పెట్టిన పాత సామాన్లలాగే వస్తున్నాయనీ మీరు నాకు రాశారు. నేనూ అక్కడే మొదలుపెట్టాను.

మాది పర్లాకిమిడి. 1936లో ఊరు ఒడిశాలో కలిసినా మా వీధి వంటిళ్లలో మాట తెలుగే. మేం కత్తిపీట అనేదాన్ని పక్కింటి ఒడియా పిన్ని తన భాషలో "పనికి" అంటుంది. నాకు మొదట కుదిరిన ఫొటో దానిదే.

అంతకుముందు చెంబుని చింతపండుతో తళతళా తోమి తీశాను. ఫొటోలో చెంబు తప్ప అన్నీ ఉన్నాయి: ట్యూబ్‌లైటు, కిటికీ ఊచలు, నా తెల్ల చొక్కా. నున్నటి లోహం తన ఎదుట ఏముంటే అదే చూపిస్తుంది. అందుకే చెంబుకంటే ముందు దాని ఎదుట ఉన్నది సర్దుకోవాలి. 1930లో ఎడ్వర్డ్ వెస్టన్ అనే అమెరికా ఫొటోగ్రాఫర్ ఒక క్యాప్సికమ్‌ని రేకు గరాటులో పెట్టి తీశాడు. గరాటు లోపలి వెలుగుకి ఆ కాయ మడతలు కండల్లా తేలాయి. అది తెలిశాకే నా చూపు వస్తువు మీంచి దాని చుట్టుపక్కలకి మళ్లింది.

కత్తిపీటని ఉత్తరం కిటికీ పక్కన, నేలమీదే పెట్టాను. ట్యూబ్‌లైటు ఆర్పేశాను, లేకపోతే రెండు రంగుల వెలుగు కలిసి చెక్క పాలిపోతుంది. కిటికీకి ఎదురు పక్క కుర్చీ మీద నాన్న తెల్లపంచె ఆరేస్తే నీడలు మెత్తబడ్డాయి. కత్తికి ఎదురుగా నల్ల గొడుగు తెరిచి పెట్టాను. కత్తంతా నల్లబడి, పదును దగ్గర మాత్రం సన్నటి వెండిగీత మిగిలింది. ఫోన్‌ని మరీ దగ్గరికి తీసుకెళితే ముందున్న భాగం ఉబ్బినట్టు వస్తుంది. రెండడుగులు వెనక్కి జరిగి రెండింతలు జూమ్ చేశాను. తెరమీద వేలు నొక్కిపట్టి ఫోకస్ కదలకుండా చేసి, వెలుగు కొంచెం తగ్గించాను.

"దీనికి ఫొటో ఏట్రా? ఉండు, కడిగిస్తాను" అంది అమ్మ. వద్దన్నాను. పీట మీద అరటికాయ జిగురు మరకలున్నాయి. ఒకచోట చెక్క అరిగి నున్నగా, కొంచెం గుంటపడి ఉంది. పక్కనుంచి వెలుగు పడేసరికి ఆ గుంటలో నీడ నిలిచింది. ఫొటో చూపిస్తే అమ్మ దాని మీద వేలు పెట్టి, "ఇక్కడే కాలు అదిమేది" అంది. అన్నేళ్లు ఆ పీట చూస్తున్నా నాకు ఆ గుంట కనబడలేదు.

మీ చెంబు సొట్టలు అలాగే ఉంచండి, మెరుగు పెట్టొద్దు. సన్నికల్లుకి గొడుగు అవసరం లేదు, రాయి అద్దంలా మెరవదు కదా. కిటికీ తలుపు దాదాపు మూసి, సన్నటి వెలుగు రాతిమీద ఏటవాలుగా పాకేలా చూడండి, గంట్లన్నీ లేస్తాయి. ఒకటి పొడిగా, ఒకటి పచ్చడి నూరిన వెంటనే తడిగా తీయండి. నాకైతే తడిదే ఇష్టం.