రోడ్డు ఎందుకు కుంగుతోందో చదవాలని ఉంది

ప్రశ్న: నేను సివిల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా ఊళ్ళో రొయ్యల చెరువుల పక్కనున్న రోడ్డు ఎన్నిసార్లు వేసినా కుంగిపోతోంది. అది చూసే జియోటెక్నికల్ (నేల, పునాదులకు సంబంధించిన) ఇంజనీరింగులో ఎం.టెక్. చేయాలనుకుంటున్నాను. మట్టి పరీక్షలకు ఎం.టెక్. దేనికి, స్ట్రక్చర్స్ (కట్టడాల డిజైన్) తీసుకోమని నాన్నగారు అంటున్నారు. ఏది మేలు?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: మీ నాన్నగారి మాటలో కొంత నిజముంది. భవనాల డిజైన్ చేసే ఆఫీసులు ప్రతి పట్టణంలోనూ ఉంటాయి కాబట్టి స్ట్రక్చర్స్ చదివినవారికి మొదటి ఉద్యోగం వెతుక్కోవడం కాస్త సులువు. అయినా మీరు జియోటెక్నికల్ వైపే వెళ్ళాలని నా అభిప్రాయం. పోర్టులు, మెట్రోలు, వంతెనలు, ఆనకట్టలు కట్టేచోట ఈ చదువుకు పని ఉంది. పైగా మీకు ప్రశ్న ముందే దొరికింది.

మట్టి పరీక్ష చేయడం వేరు, ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలో తెలియడం వేరు. బోరులో 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలి, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కించే పరీక్ష మీరు చదివే ఉంటారు. ఇసుకలో ఆ సంఖ్య చాలా చెబుతుంది. బాగా మెత్తని బంకమట్టిలో మాత్రం గొట్టం ఒకటి రెండు దెబ్బలకే దిగిపోతుంది. అక్కడ ఆ అంకెను పట్టుకుని పునాది డిజైన్ చేయకూడదు, మట్టిలో రెక్కల కడ్డీని తిప్పి దాని బలం కొలిచే వేన్ షియర్ పరీక్షో, చెదరని నమూనాపై ప్రయోగశాల పరీక్షలో కావాలి. ఈ విచక్షణ కోసమే ఎం.టెక్.

మీ రోడ్డునే తీసుకోండి. తడిసి ఉన్న బంకమట్టిపై కొత్తగా పడిన బరువును మొదట రేణువుల మధ్యనున్న నీరే మోస్తుంది. ఆ నీరు మెల్లగా బయటికి పోయినకొద్దీ భారం రేణువులపైకి మారి నేల ఏళ్ళ తరబడి కుంగుతుంది. 1920లలో ఇంజనీరు కార్ల్ టెర్జాగి దీన్ని లెక్కకు అందించారు. నీరు ప్రయాణించే దూరం సగమైతే పట్టే కాలం నాలుగో వంతు అవుతుంది, కాబట్టే నీటికి దగ్గరి దారి దొరికేలా మెత్తని నేలలో నిలువు డ్రెయిన్లు దింపుతారు. అయితే మీ ఊరి కారణం ఇదే కాకపోవచ్చు. రొయ్యలు పట్టేందుకు చెరువు నీరు ఒక్కసారిగా తోడేస్తే రోడ్డు పక్కనున్న గట్టుకు ఆ వైపు ఆసరా పోతుంది, లోపలి తడి మాత్రం అలాగే ఉంటుంది. అప్పుడు గట్టు చెరువులోకి జారుతుంది.

ఎం.టెక్. ప్రవేశాలకు జరిగే జాతీయ పరీక్ష గేట్ తప్పక రాయండి. స్కోరు 3 సంవత్సరాలు చెల్లుతుంది. దానితో ప్రవేశం పొందినవారికి నెలకు రూ.12,400 స్టైపెండ్ వస్తుంది. వరంగల్ ఎన్.ఐ.టి., హైదరాబాద్, మద్రాస్ ఐ.ఐ.టి.లలో ఈ విభాగం ఉంది. ర్యాంకు రాకపోతే రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీఈసెట్ ద్వారా రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో చేరవచ్చు. అప్పుడు పేరుకంటే ప్రయోగశాల నిజంగా నడుస్తోందా అన్నది చూసుకోండి.

ఈలోగా చివరి సంవత్సరం ప్రాజెక్టుగా ఆ రోడ్డునే ఎంచుకోండి. అంచున మేకులు దిగగొట్టి, కాలేజీలోని, ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ పరికరంతో నెలనెలా మట్టాలు తీయండి, చెరువులో నీటిమట్టం, తోడిన తేదీ రాసుకోండి. పగుళ్ళు చెరువు వెంబడి పొడుగ్గా వచ్చి, నీరు తోడిన రోజుల్లోనే వెడల్పయితే మీరు వెతకాల్సింది కుంగుబాటును కాదు, గట్టు జారుడును.