విమానం ఆలస్యం, పెట్టె రాలేదు, కారు ఇవ్వలేదు: ఎవరిని, ఎన్ని రోజుల్లో అడగాలి?

ప్రశ్న: మాది విజయవాడ. ఈ మధ్యే నేను, మావారు శంషాబాద్ నుంచి ఒక గల్ఫ్ కంపెనీ విమానంలో బయల్దేరి, గల్ఫ్‌లో విమానం మారి రోమ్ వెళ్ళాం. రానూపోనూ ఒకే టికెట్టు, ఇద్దరికీ కలిపి 1,58,000 రూపాయలు. సాంకేతిక లోపమంటూ మొదటి విమానం మూడు గంటలు ఆలస్యం చేశారు. దాంతో రెండోది తప్పిపోయింది. అక్కడ హోటల్ ఇచ్చి మర్నాడు ఎక్కించారు. రోమ్‌కి 17 గంటలు ఆలస్యంగా చేరాం. ఒక సూట్‌కేసు రాలేదు. మూడు రోజులకి వచ్చింది కానీ చక్రం విరిగి ఉంది. ఈలోగా బట్టలకి, మందులకి 310 యూరోలు అయ్యాయి. ముందే డబ్బు కట్టిన అద్దె కారుని, టైముకి రాలేదని రద్దు చేసేశారు, 260 యూరోలు పోయాయి. కొత్తగా ఇమ్మంటే, బుకింగూ క్రెడిట్ కార్డూ నా పేరున, డ్రైవింగ్ లైసెన్సు మావారిది అని ఒప్పుకోలేదు. చివరికి ఆయన కార్డు మీద, రోజుకి 38 యూరోల 'ఫుల్ కవర్' అంటగట్టి ఇచ్చారు. ఇంటికొచ్చాక చక్రం రిమ్ము గీసుకుపోయిందని 640 యూరోలు కోసేశారు. ఫ్లోరెన్స్‌లో పాత ఊళ్ళోకి రెండుసార్లు కారులో వెళ్ళాం, అక్కడ కెమెరాలు ఉంటాయని తర్వాత తెలిసింది. విమాన కంపెనీ 100 డాలర్ల వోచర్ ఇస్తానంటోంది. మా బంధువుకి ఇలాంటి ఆలస్యానికే 600 యూరోలు వచ్చాయట. మాకెంత వస్తుంది? సూట్‌కేసు చేతికొచ్చి ఇవాళ్టికి 16 రోజులు.

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం చివరిదే. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకి 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. మన దేశం 2009లో అందులో చేరింది. క్యారేజ్ బై ఎయిర్ చట్టం, 1972లో మూడో షెడ్యూలుగా అది ఇక్కడి చట్టమే. దాని 31వ అధికరణం ప్రకారం, సామాను ఆలస్యంగా వస్తే అది మీ చేతికి అందిన రోజు నుంచి 21 రోజుల్లోగా కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. చేయకపోతే దావాయే నిలవదు. మీకు ఇంకా 5 రోజులు మిగిలాయి. ఇది చదివిన రోజే పంపండి.

విరిగిన చక్రం సంగతి మాత్రం వదిలేయండి. సామాను దెబ్బతింటే గడువు 7 రోజులే, అది దాటిపోయింది. ఈ 16 రోజుల్లో మీరు విమాన కంపెనీకి ఈమెయిల్లో ఒక్క ముక్కైనా చక్రం గురించి రాసి ఉంటే, అది మొదటి 7 రోజుల్లోపు పంపినదైతే వెతికి తీయండి, అదే ఫిర్యాదుగా నిలబడుతుంది. ఫోన్లో చెప్పాం, కౌంటర్లో చూపించాం అంటే చాలదు.

రోమ్ విమానాశ్రయంలో సామాను కౌంటర్ దగ్గర మీకొక కాగితం ఇచ్చి ఉంటారు, దాన్ని పీఐఆర్ అంటారు. దాని మీద పది అక్షరాల నంబరు ఉంటుంది. మొదటి మూడు విమానాశ్రయం కోడు, మీరు ఫ్యుమిచీనోలో దిగి ఉంటే ఎఫ్‌సీఓ. తర్వాతి రెండు ఎయిర్‌లైన్స్ కోడు, చివర ఐదంకెలు. ఈ కాగితం ఉంది కదా, ఫిర్యాదు ఇచ్చినట్టే అని చాలామంది ఊరుకుంటారు. అది సామాను రాలేదన్న నమోదు మాత్రమే. మీకు ఎంత నష్టం జరిగింది, ఎంత అడుగుతున్నారు అన్నది అందులో ఉండదు. కాబట్టి విడిగా రాయండి. టికెట్టు నంబరు, పీఐఆర్ నంబరు, సామాను ట్యాగు నంబరు, పెట్టె రావాల్సిన తేదీ, వచ్చిన తేదీ, కొన్న వస్తువుల పట్టిక, బిల్లుల ఫొటోలు, అడుగుతున్న మొత్తం. 'మాంట్రియల్ ఒప్పందం 19, 22, 31 అధికరణాల కింద' అన్న మాట తప్పక పెట్టండి. కంపెనీ వెబ్‌సైట్లోని ఫారం నింపితే ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి, అదే విషయం ఈమెయిల్‌గానూ పంపండి. ఫారాలు నింపాక మన దగ్గర కాపీ మిగలకపోవడమే తర్వాత పెద్ద తలనొప్పి.

సామానుకి నష్టపరిహారం పరిమితి 2024 డిసెంబర్ 28 నుంచి ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్. అది అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కకట్టే ప్రమాణం. రూపాయల్లో లక్షన్నరకీ రెండు లక్షలకీ మధ్య ఉంటుంది, మారకం రేటుని బట్టి మారుతుంది. అది గరిష్ఠ పరిమితే తప్ప అంత ఇస్తారని కాదు. రుజువైన నష్టం ఎంతో అంతే. మీ 310 యూరోల్లో మందులు, లోదుస్తులు, రెండు జతల బట్టలు, చార్జరు వరకూ ఎవరూ కాదనలేరు. అందులో తోలు జాకెట్టు గానీ ఉంటే అక్కడ గీత గీస్తారు. ఆలస్యంగా వచ్చిన సూట్‌కేసు ఎవరి పేరున చెకిన్ అయిందో వారి పేరునే అడగండి.

ఆ వోచర్ తీసుకోవద్దని చెప్పను. కానీ దానితోపాటు 'ఇంతటితో అన్ని క్లెయిములూ పరిష్కారమయ్యాయి' అన్న వాక్యం ఉందేమో చూడండి. ఉంటే ఒప్పుకోకండి. మీ బిల్లుల ముందు 100 డాలర్లు చాలా తక్కువ.

ఇక బంధువు గారి 600 యూరోలు. అది మాంట్రియల్ కాదు, యూరోపియన్ యూనియన్ 261/2004 నిబంధన. దాని లెక్క వేరు. యూరోపియన్ యూనియన్ విమానాశ్రయం నుంచి బయల్దేరే ఏ కంపెనీ విమానమైనా దాని కిందికి వస్తుంది. బయటి నుంచి అక్కడికి వెళ్ళే విమానమైతే, నడిపేది యూరోపియన్ యూనియన్ కంపెనీ అయితేనే వస్తుంది. మీరు హైదరాబాద్ నుంచి గల్ఫ్ కంపెనీలో వెళ్ళారు కాబట్టి మీ వెళ్ళే ప్రయాణానికి అది లేదు. మీ బంధువు బహుశా అటు నుంచి వస్తూ ఆలస్యమై ఉంటారు, లేదా యూరప్ కంపెనీ విమానం ఎక్కి ఉంటారు. మీ తిరుగు ప్రయాణంలో గమ్యానికి 3 గంటలు దాటి ఆలస్యమై ఉంటే మాత్రం చెప్పండి, అప్పుడు మీకూ వర్తిస్తుంది. 3,500 కిలోమీటర్లు దాటిన దూరానికి 600, ఆలస్యం 4 గంటల లోపైతే సగానికి తగ్గించవచ్చు.

అలాగని మీ 17 గంటలకి ఏమీ రాదని కాదు. 19వ అధికరణం ప్రకారం ఆలస్యం వల్ల జరిగిన నష్టానికి కంపెనీదే బాధ్యత. నష్టాన్ని తప్పించడానికి చేయదగినవన్నీ చేశామని రుజువు చేసుకుంటేనే అది తప్పించుకుంటుంది. 'సాంకేతిక లోపం' అని ఒక మాట అనేస్తే రుజువు అయిపోదు. ఏ లోపం, ఎప్పుడు తెలిసింది, వేరే విమానం ఎందుకు పెట్టలేకపోయారు అన్నది వాళ్ళే చెప్పాలి. ప్రయాణికుడి ఆలస్యానికి పరిమితి 6,303 ఎస్‌డీఆర్. దీనికి ముందస్తు ఫిర్యాదు గడువు లేదు, కేసు వేయడానికి రెండేళ్ళు. రోమ్‌లో ఖాళీగా పోయిన హోటల్ రాత్రి, అదనపు భోజనాలు, పోయిన కారు డబ్బు ఇక్కడ వస్తాయి. మానసిక వేదనకి అంటూ లక్షలు రాయకండి. 29వ అధికరణం శిక్షగా వేసే పరిహారాన్ని ఒప్పుకోదు. బిల్లున్న నష్టానికే బలం. కంపెనీని అడిగి ఆలస్యం ధ్రువపత్రం తెప్పించుకోండి, మీ బీమా కంపెనీ కూడా అదే అడుగుతుంది.

కారు డబ్బు 260 యూరోల దగ్గర కొంచెం ఆగాలి. ఆలస్యం వల్లే బుకింగ్ పోయింది కాబట్టి విమాన కంపెనీని అడగొచ్చు, అడగండి. వాళ్ళ లాయరు మొట్టమొదట వేసే ప్రశ్న మాత్రం ఇది: గల్ఫ్‌లో ఒక రాత్రి ఉన్నారు కదా, కారు కంపెనీకి ఒక ఫోన్ చేశారా? 20వ అధికరణం ప్రకారం ప్రయాణికుడి నిర్లక్ష్యం తోడైతే ఆ మేరకి బాధ్యత తగ్గుతుంది. మీరు ఫోన్ చేసినట్టు, మెసేజ్ పెట్టినట్టు ఏదైనా ఉంటే మొత్తం అడగవచ్చు. లేకపోతే సగం వచ్చినా మంచి ఫలితమే. బుకింగ్‌లో విమానం నంబరు ఇచ్చారేమో కూడా చూడండి. ఇస్తే కొన్ని గంటల ఆలస్యానికి చాలా కంపెనీలు కారు ఉంచుతాయి, మర్నాటిదాకా ఉంచేవి తక్కువ.

కౌంటర్లో కార్డు, లైసెన్సు పేర్ల తకరారు మాత్రం ఎవరి మీదా వేయలేం. ప్రధాన డ్రైవరు పేరునే క్రెడిట్ కార్డు ఉండాలన్నది దాదాపు అన్ని కంపెనీల షరతు, డిపాజిట్ ఆ కార్డు మీదే బ్లాక్ చేస్తారు. బుక్ చేసేటప్పుడు పేజీ అడుగున ఉంటుంది, ఎవరూ చదవరు. కాబట్టి రోజుకి 38 యూరోల కవర్ ఖర్చుని విమాన కంపెనీ లెక్కలో కలపకండి. ఆ ఒక్క పద్దు మిగతా బిల్లుల మీద కూడా అనుమానం పుట్టిస్తుంది. మీవారి దగ్గర ఆర్టీవో ఇచ్చిన అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్టు ఉందనుకుంటాను. ఇటలీలో మన లైసెన్సు ఒక్కటే చాలదు, దానితోపాటు పర్మిట్టు గానీ అధికారిక అనువాదం గానీ ఉండాలి. పర్మిట్టు లేకుండా నడిపి ఉంటే కింద చెప్పేదంతా బలహీనపడుతుంది.

640 యూరోల విషయంలో పోట్లాడాల్సింది కారు కంపెనీతో, విమానంతో సంబంధం లేదు. 'ఫుల్ కవర్' అనే పేరుకి చట్టంలో అర్థం లేదు. కాంట్రాక్టు తెరిచి మినహాయింపులు చూడండి. చక్రాలు, టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం, పైకప్పు మామూలు కవర్లో తరచూ ఉండవు. ఖరీదైన కవర్లో ఉంటాయి, అన్నిట్లో కాదు. రిమ్ములు చేరి ఉంటే మీరు పైసా ఇవ్వక్కర్లేదు. చేరకపోయినా ఊరికే ఒప్పుకోవద్దు. కంపెనీకి ఈమెయిల్ పెట్టి నాలుగు కాగితాలు అడగండి: కారు ఇచ్చినప్పటి స్థితి రిపోర్టు, తిరిగి తీసుకున్నప్పటిది, తేదీతో ఉన్న ఫొటోలు, మరమ్మతు అంచనా గానీ బిల్లు గానీ. మొదటి రిపోర్టులోనే ఆ చక్రం దగ్గర గుర్తు పెట్టి ఉండటం అరుదేమీ కాదు. తిరిగిచ్చినప్పుడు సిబ్బంది చూసి సంతకం పెట్టి ఉంటే మీ పని సులువు. తాళం డబ్బాలో వేసి వచ్చేసి ఉంటే కష్టం, ఎందుకంటే వాళ్ళు వచ్చి చూసేదాకా కారు మీ బాధ్యతలోనే ఉన్నట్టు కాంట్రాక్టుల్లో రాసి ఉంటుంది.

పది రోజులు చూసి, సరైన జవాబు రాకపోతే మీవారి కార్డు ఇచ్చిన బ్యాంకులో ఆ లావాదేవీ మీద డిస్ప్యూట్ వేయించండి. కార్డు సంస్థల నిబంధనల్లో దీనికి సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది, బ్యాంకు అంతకన్నా ముందే రమ్మనవచ్చు, కాబట్టి ఆలస్యం చేయకండి. మీ ఈమెయిళ్ళు, వాళ్ళ మౌనం, కాంట్రాక్టు జతచేయండి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్ళవచ్చు, అయితే అక్కడ తేల్చేది బ్యాంకు తన పని చేసిందా లేదా అనే. కారుని ఇక్కడి వెబ్‌సైట్‌లో బుక్ చేసి ఉంటే దాని గ్రీవెన్స్ ఆఫీసర్‌కీ రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల కింద 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ఇటలీ కంపెనీ మీద విజయవాడలో కేసు వేసి గెలిచినా, ఇక్కడ ఆస్తి లేని కంపెనీ నుంచి రాబట్టడం కష్టం. షెంగెన్ వీసా కోసం కొన్న 30,000 యూరోల బీమా వైద్యానికి, అది కారు గీతలకి పనికిరాదు. పాలసీలో సామాను ఆలస్యం కవర్ ఉందేమో మాత్రం చూడండి.

విమాన కంపెనీ మాట వినకపోతే కేసు ఎక్కడ? మాంట్రియల్ 33వ అధికరణం ప్రకారం గమ్యస్థానం ఉన్న దేశంలో వేయవచ్చు. రానూపోనూ ఒకే టికెట్టు కాబట్టి మీ గమ్యం రోమ్ కాదు, హైదరాబాదే. అంటే మన దేశం. ఆపై ఏ ఊరన్నది మన చట్టం చెబుతుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019, 34వ సెక్షన్ మీరు నివసించే జిల్లాలోనే వేసుకోనిస్తుంది, కాబట్టి విజయవాడలోని వినియోగదారుల కమిషన్ చాలు. టికెట్టు విలువ 5 లక్షల లోపు కనుక ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్లో వేయవచ్చు.

దీనికి బదులు జిల్లా పర్మనెంట్ లోక్ అదాలత్‌కీ వెళ్ళవచ్చు, విమానయానం ప్రజోపయోగ సేవల్లో ఉంది. ఢిల్లీ నుంచి హైదరాబాద్ రావాల్సిన ఒక ప్రయాణికుడు హైదరాబాద్ లోక్ అదాలత్‌లో వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. టికెట్టు మీద ఢిల్లీ కోర్టులకే పరిధి అని రాసుకున్నా, అది లోక్ అదాలత్‌కి అడ్డు కాదని 2011లో తీర్పొచ్చింది. అదే తీర్పులో కంపెనీ సేవా లోపం రుజువు కాలేదంటూ పరిహారం మాత్రం కొట్టేశారు. పరిధి గెలిచినంత మాత్రాన డబ్బు రాదు, బిల్లులు జాగ్రత్త.

చివరిగా ఫ్లోరెన్స్. పాత ఊళ్ళోది జెడ్‌టీఎల్, అంటే అనుమతి ఉన్న బళ్ళకే దారి. బోర్డు మీద 'వార్కో అత్తీవో' అని వెలిగితే దారి తెరిచి ఉందనుకుంటారు మనవాళ్ళు. కెమెరా పనిచేస్తోంది, రావద్దు అని దాని అర్థం. కెమెరా దాటిన ప్రతిసారీ విడి జరిమానా పడవచ్చు, ఒక్కొక్కటి 80 యూరోలకు పైనే. ముందు కారు కంపెనీ మీ వివరాలు పోలీసులకి ఇచ్చినందుకు తన ఖర్చు కార్డు మీద కోస్తుంది. అది జరిమానా కాదు, జరిమానా విడిగా నెలల తర్వాత వస్తుంది. విదేశంలో ఉండేవారికి నోటీసు పంపడానికి వాళ్ళకి 360 రోజుల సమయం ఉంది. అందిన 5 రోజుల్లో కడితే 30 శాతం తగ్గుతుంది. మీ హోటల్ ఆ పరిధిలోనే ఉంటే, మీ కారు నంబరు నమోదు చేశారేమో ఇప్పుడే అడగండి, చేసి ఉంటే ఆ రుజువుతో అభ్యంతరం చెప్పవచ్చు. ఆ జరిమానాని మన కోర్టులు అమలు చేయవు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ జరిమానాలని మినహాయించింది. అయినా ఇటలీలో అది మీ పేరున బాకీగానే ఉంటుంది, మళ్ళీ వెళ్ళే ఆలోచన ఉంటే కట్టేయడం మేలు. కాంట్రాక్టు మీవారి పేరున ఉంది కాబట్టి నోటీసు ఆయనకే వస్తుంది. కాంట్రాక్టులో మీ డోర్ నంబరు, పిన్‌కోడ్ సరిగా రాశారో లేదో ఒకసారి చూసుకోండి.