ప్రశ్న: అమెరికన్ గాయని అరీతా ఫ్రాంక్లిన్‌ను ‘సోల్ రాణి’ (సోల్ అంటే చర్చి పాటల ఛాయ ఉన్న నల్లజాతి అమెరికన్ల సంగీతం) అంటారు కదా, నాకేమో చప్పగా అనిపిస్తోంది. ఎందుకు?

సమాధానం: మీ ప్లేలిస్ట్‌లో ఉన్నవి బహుశా కొలంబియా అనే కంపెనీ తెచ్చిన రికార్డులు. 1960 నుంచి 1966 దాకా అక్కడ ఆమెతో జాజ్, పాప్ పాటలే ఎక్కువ పాడించారు. గొంతులో లోపం లేదు. చర్చిలో పాడుతూ పెరిగిన మనిషికి అక్కడ పూర్తి చోటు దొరకలేదంతే.

1. ఆమె తర్వాత చేరిన అట్లాంటిక్ కంపెనీ నుంచి 1967 మొదలుకొని వచ్చిన ఆల్బమ్‌లు వినండి.

2. చాలామంది తప్పేది ఇక్కడే. సంవత్సరం ఒక్కటే చూస్తారు. ఆమె వెళ్లిపోయాక కూడా కొలంబియా తన దగ్గరున్న పాత రికార్డింగులను 1967లో, 1969లో ఆల్బమ్‌లుగా వదిలింది! అందుకే యాప్‌లో ఆల్బమ్ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే కంపెనీ పేరు చూడండి. అట్లాంటిక్ అనో, దాని పాత ఆల్బమ్‌లను మళ్లీ విడుదల చేసే రైనో అనో ఉంటే సరే. కొలంబియా అనో, దాని యజమాని సోనీ అనో ఉంటే ప్రస్తుతానికి పక్కన పెట్టండి. హిట్స్ కలెక్షన్లకూ ఇదే పద్ధతి.

3. ‘రెస్పెక్ట్’ పాటను ముందు సోల్ గాయకుడు ఓటిస్ రెడింగ్ గొంతులో వినండి (1965, రాసిందీ ఆయనే). వెంటనే అరీతాది పెట్టండి. ఆ మాటను అక్షరం అక్షరంగా విడదీసి పాడే చోటు ఓటిస్ పాటలో లేనే లేదు. అక్కడ పాట ఆమె సొంతమైపోతుంది. పియానో కూడా ఆమెదే.

4. తర్వాత 1972 నాటి ‘అమేజింగ్ గ్రేస్’ ఆల్బమ్. లాస్ ఏంజెలిస్‌లోని ఒక చర్చిలో, జనం మధ్య రికార్డు చేసింది. నా లెక్కలో ఆమె బెస్ట్ ఇదే. తీరిగ్గా, హెడ్‌ఫోన్స్‌తో వినండి.