డాక్టర్ సలహా: తొలి కాన్పు ఇంట్లోనే చేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 27. ఇదే తొలి కాన్పు, ఇప్పుడు ఏడో నెల. బీపీ, షుగర్, స్కాన్లు అన్నీ బాగానే ఉన్నాయి. మా తోడికోడలు ఆసుపత్రిలో ప్రసవించింది. నొప్పులు పడుతున్నంతసేపూ ఇంట్లోవాళ్లను ఒక్కరినీ లోపలికి రానివ్వలేదట. వెల్లకిలా పడుకోబెట్టే ఉంచారట. చెప్పకుండానే బిడ్డ బయటికి వచ్చే దారి దగ్గర కోత పెట్టారు, బిడ్డను గంటల తరబడి చేతికివ్వలేదు. అది విన్నప్పటి నుంచి ఆసుపత్రి అంటేనే గుండె దడదడలాడుతోంది. ఇంట్లో ప్రశాంతంగా ప్రసవించినవాళ్ల వీడియోలు చూస్తున్నాను. నాకు ఏ సమస్యా లేదు కదా, ఇంట్లోనే కనొచ్చా? మావారు నీ ఇష్టం అంటున్నారు. మా అమ్మ ససేమిరా అంటోంది.
- ఒక పాఠకురాలు

జవాబు: మీ తోడికోడలికి జరిగింది చదివి బాధ కలిగింది. మీ భయంలో న్యాయం ఉంది. నొప్పులు పడే తల్లి పక్కన ఆమె కోరుకున్న మనిషి ఉండాలని, ఆమెను లేచి తిరగనివ్వాలని, కోత అందరికీ అలవాటుగా పెట్టకూడదని, బిడ్డ బాగుంటే మొదటి గంట తల్లి ఒంటికి ఆనించే ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే స్పష్టంగా చెప్పింది. కోత కొందరికి నిజంగానే అవసరమవుతుంది. అప్పుడైనా ఆమెకు చెప్పి, సరేనన్నాకే పెట్టాలి.

ఇంత చెప్పాక కూడా నా సలహా ఒక్కటే. తొలి కాన్పు ఆసుపత్రిలోనే కానివ్వండి.

‘ఏ సమస్యా లేదు’ అన్న మాట ఈ రోజు వరకే నిజం. కవలలు, ఎదురుకాళ్ల బిడ్డ, కిందికి ఉన్న మాయ, బీపీ... ఇవన్నీ ముందే తెలుస్తాయి. రెండు ప్రమాదాలు మాత్రం ఏ స్కాన్‌లోనూ కనిపించవు. ఒకటి కాన్పయ్యాక తల్లికి ఆగని రక్తస్రావం, రెండోది పుట్టిన బిడ్డ ఊపిరి అందుకోకపోవడం.

నెలలు నిండేసరికి గర్భసంచికి నిమిషానికి అర లీటరు, కొందరికి అంతకంటే ఎక్కువ రక్తం వెళ్తుంటుంది. మాయ ఊడి వచ్చాక తెరుచుకున్న రక్తనాళాలను మూసేది గర్భసంచి కండరమే. అది గట్టిగా ముడుచుకుంటేనే నెత్తురు కట్టుకుంటుంది. అందుకే కాన్పవగానే మేం తల్లి బొడ్డు దగ్గర చెయ్యి పెట్టి చూస్తాం. గర్భసంచి క్రికెట్ బంతిలా గట్టిగా తగిలితే నిశ్చింత. మెత్తగా జారిపోతున్నట్టు ఉంటే ఆ క్షణం నుంచే పరుగు మొదలవుతుంది. ఒకరు పొట్ట మీద గట్టిగా మర్దనా చేస్తుంటే, ఇంకొకరు సెలైన్ ఎక్కిస్తారు, మరొకరు రక్తం తెప్పిస్తారు. మందులు ఒకదాని తర్వాత ఒకటి పడుతుంటాయి. అప్పటికీ ఆగకపోతే ఆపరేషన్ థియేటర్ పక్కనే ఉంటుంది. ఇంతదాకా రాకుండానే చూడాలని, బిడ్డ పుట్టగానే ప్రతి తల్లికీ గర్భసంచిని ముడుచుకునేలా చేసే మందు ఆక్సిటోసిన్ 10 యూనిట్లు ఇస్తాం.

ఇంట్లో ఇదే జరిగితే గుర్తుపట్టడం దగ్గరే ఆలస్యమవుతుంది. నెత్తురు బట్టల్లోకి, పరుపులోకి ఇంకిపోతుంది. ఎంత పోయిందో ఎవరికీ అంచనా దొరకదు. మీలాంటి వయసులో, ఆరోగ్యంగా ఉన్న తల్లి చాలా రక్తం పోయేదాకా మామూలుగానే మాట్లాడుతుంటుంది. ఆ తర్వాత ఒక్కసారిగా కుప్పకూలుతుంది. వాహనం ఎక్కించి ఆసుపత్రికి చేర్చేంత వ్యవధి అప్పుడు ఉండకపోవచ్చు.

బిడ్డ సంగతీ అంతే. ఎక్కువమంది తమంతట తామే ఏడుస్తారు. నూటికి ఐదు నుంచి పదిమందికి ఎంతో కొంత సాయం కావాలి. చాలామందికి ఒళ్లు తుడిచి, వీపు రుద్దితే చాలు. అప్పటికీ ఊపిరి తీసుకోని బిడ్డకు మొదటి నిమిషంలోనే మాస్కు పెట్టి గాలి అందించాలి. అది చేతికి అలవాటైన పని అయి ఉండాలి. వీడియో చూసి నేర్చుకునేది కాదు.

ఇంటి కాన్పును సమర్థించేవాళ్ల వాదన కూడా మీకు చెప్పాలి. ఇంగ్లండ్‌లో దాదాపు 64 వేల మంది ఆరోగ్యవంతులైన గర్భిణులను పరిశీలించి 2011లో ఫలితాలు ప్రచురించారు. రెండో కాన్పు, ఆపై కాన్పుల వాళ్లలో ఇంట్లో ప్రసవించినా, ఆసుపత్రిలో ప్రసవించినా బిడ్డల పరిస్థితిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇంటి కాన్పు ఎంచుకున్నవాళ్లలో సిజేరియన్లు, కోతలు తక్కువ. తొలి కాన్పు దగ్గరికి వచ్చేసరికి లెక్క మారింది. బిడ్డకు తీవ్రమైన ఇబ్బంది రావడం ఆసుపత్రి కాన్పుల్లో వెయ్యికి 5.3 అయితే, ఇంటి కాన్పుల్లో 9.3. పైగా ఇంట్లో కందామనుకున్న తొలిచూలు వాళ్లలో 45 శాతం మందిని ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది. అక్కడ ఇంటికి వచ్చేది కాన్పులు చేయడంలో శిక్షణ పొందిన మిడ్‌వైఫ్. ఆమె దగ్గర మందులు, ఆక్సిజన్ ఉంటాయి, ఆసుపత్రితో ముందే ఏర్పాటు ఉంటుంది. అవన్నీ ఉన్నచోట వచ్చిన అంకెలివి. మీరు చూసే వీడియోల్లో కెమెరాకు పక్కన ఎవరున్నారో మీకు కనపడదు. శిక్షణ ఉన్న మనిషి లేకుండా, భర్త సాయంతో ఇంట్లో కనడాన్ని మాత్రం ఏ కాన్పుకైనా సరే, నేను ఒప్పుకోలేను.

అదే పరిశీలనలో, మిడ్‌వైఫ్‌లు నడిపే ప్రసవ కేంద్రాల్లో తొలి కాన్పులు కూడా క్షేమంగానే జరిగాయి, కోతలూ తగ్గాయి. ఆసుపత్రి ఆవరణలోనే అలాంటి విభాగం మీకు అందుబాటులో ఉంటే మీకది చక్కగా సరిపోతుంది.

లేకపోతే వచ్చే చెకప్‌కి మీవారిని వెంటబెట్టుకుని వెళ్లి మీ డాక్టరును సూటిగా అడగండి. నాతో ఎవరుండొచ్చు? నొప్పుల్లో నడవనిస్తారా? కోత పెట్టే ముందు నన్ను అడుగుతారా? బొడ్డుతాడు ఒక నిమిషమైనా ఆగి కోస్తారా? బిడ్డను వెంటనే నా గుండెల మీద పెడతారా? మీకు కావలసినవి ఒక కాగితం మీద రాసి ఫైల్లో పెట్టించండి. విసుక్కున్నా, ‘అవన్నీ నీకెందుకు’ అన్నా ఆసుపత్రి మార్చుకోండి. ఏడో నెలే కాబట్టి ఇంకా సమయం ఉంది. నొప్పుల్లో మీ పక్కన ఉండే మనిషి మీ అమ్మగారే కావచ్చు. ఆమె బెంగా తీరుతుంది.

ఇంకో మాట. మీరు కోరుకునే ఇంటి ప్రశాంతత కొంతైనా మీకు దక్కుతుంది. తొలి కాన్పులో మొదటి నొప్పులు గంటల తరబడి సాగుతాయి. గర్భసంచి ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకునేదాకా తొందరపడాల్సిన పని సాధారణంగా ఉండదు. మరీ ముందుగా చేరినవాళ్లకే నొప్పులు పెంచే మందులూ, ఇతర జోక్యాలూ ఎక్కువవుతుంటాయి. ఆసుపత్రి దగ్గరలోనే ఉంటే ఆ సమయమంతా ఇంట్లోనే గడపండి. నడవండి, వేడినీళ్లతో స్నానం చేయండి, తేలిగ్గా తినండి, నిద్ర వస్తే పడుకోండి. ఐదు నిమిషాలకో నొప్పి, ఒక్కోటీ నిమిషం పాటు, అలా గంటసేపు వస్తే బయల్దేరండి. దూరమైతే ఇంకా ముందే. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా, విపరీతమైన తలనొప్పితో చూపు మసకబారినా, 37 వారాలు నిండకుండానే నొప్పులు మొదలైనా నొప్పులు లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి. అర్ధరాత్రయినా సరే, వెంటనే వెళ్లండి.